పోస్ట్‌గ్రెస్ అప్‌గ్రేడ్ రీసెర్చ్‌కి ఏఐ అసిస్టెంట్ ఎట్ల పెట్టుకోవాల: ముందు ఫోల్డర్, తర్వాతే మోడల్

తమ్ముడూ, నీ ప్రశ్నలో మోడల్ పేర్లు చాలా రాసినావు, ఏది మంచిది ఏది దండగ అని అడిగినావు, కానీ ఆ మోడల్ ముందర ఏం పెట్టి అడుగుతా ఉన్నావో ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు అర్థమైనంత వరకు నీ పరిస్థితి ఇది. తిరుచానూరు రోడ్డులో చిన్న కంపెనీ, లాడ్జీలకి రూమ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తారు, సర్వర్ సెంటోస్ 7 అనే లినక్స్ మీద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 11వ వెర్షన్‌తో నడస్తా ఉంది, ఓనరు "ఏ వెర్షన్‌కి పోవాల, పోతే ఏం విరుగుతుంది" అని రిపోర్ట్ అడిగినాడు, నీ దగ్గర 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు, చాట్‌బాట్‌ని అడిగితే పొద్దున ఒక జవాబు సాయంత్రం ఇంకో జవాబు చెప్తా ఉంది. నేను డేటాబేస్ పనుల్లోనే ఉండేవాణ్ణి, ఈ రకం రీసెర్చ్‌కి అసిస్టెంట్‌ని రోజూ వాడతా, కాబట్టి పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ రెండు రకాల జవాబులు ఎందుకు వస్తా ఉన్నాయో చూద్దాం. పైకి కనిపించే కారణం ఏమంటే మోడల్ ప్రతి మాటా కొన్ని అవకాశాల్లోనించి ఒకటి ఏరుకుంటుంది, ఆ ఏరుకోవడం ఎంత అటూఇటూ పోవాలో చెప్పే టెంపరేచర్ అనే సెట్టింగ్‌ని సున్నా చేస్తే ఆ తేడా చాలా వరకు తగ్గిపోతుంది, కానీ రోజూ ఒకే జవాబు వచ్చినంత మాత్రాన అది కరెక్టని కాదు, ఒకే తప్పు రోజూ చెప్పొచ్చు గదా. అసలు కారణం లోపల ఉంది. అది చదువుకున్న ఇంటర్నెట్‌లో 2012 రాతలు, 2018 రాతలు, 2024 రాతలు అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఏ మాట ఏ వెర్షన్‌కి చెప్పినారో చాలా చోట్ల రాసి ఉండదు. ఉదాహరణకి "విత్ అని రాసే సీటీఈలు ఆప్టిమైజర్‌కి అడ్డుగోడ, లోపలి క్వెరీ విడిగా నడుస్తుంది" అనే మాట ఇంటర్నెట్ నిండా ఉంది (సీటీఈ అంటే పెద్ద క్వెరీ లోపల పేరు పెట్టి రాసుకునే చిన్న క్వెరీ, ఆప్టిమైజర్ లేదా ప్లానర్ అంటే క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే భాగం), అది పోస్ట్‌గ్రెస్ 11 వరకు నిజం, 2019 అక్టోబర్‌లో 12 వచ్చినాక మారిపోయింది, ఒక్కసారే వాడిన, రికర్సివ్ కాని, సైడ్ ఎఫెక్టులు లేని సీటీఈని ప్లానర్ బయటి క్వెరీలో కలిపేస్తుంది, పాత పద్ధతే కావాలంటే మెటీరియలైజ్డ్ అని నువ్వే రాయాల. ఇట్లనే "పెద్ద టేబుల్‌కి డీఫాల్ట్ విలువతో కాలమ్ చేరిస్తే టేబుల్ అంతా తిరగరాస్తుంది, రాత్రి పూట చెయ్యి" అనేది 10 వరకు నిజం, 11 నించి స్థిరమైన డీఫాల్ట్ అయితే ఆ బాధ లేదు. పాత మాటలు రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళ కాలానికి అది నిజమే. మోడల్‌కి ఆ కాలం తెలియకుండా మాట మాత్రం మిగిలింది, అదీ సమస్య.

అందుకే నేను చెప్పేది ఒకటే, టెక్నికల్ రీసెర్చ్‌కి అసిస్టెంట్ పెట్టుకోవడం అంటే నూటికి డెబ్బై వంతులు దాని ముందర ఏ కాగితాలు పెట్టాల, ప్రతి కాగితం మీద ఏ వెర్షన్ ముద్ర ఉండాల అనే పని, మోడల్ ఎంచుకోవడం ఆఖరున చేసే పని. కొత్తగా చేరిన గుమస్తా మాదిరి అనుకో, రికార్డు చేతికిస్తే చూసి చెప్తాడు, ఇవ్వకపోతే ఎవరో అనగా విన్నది చెప్తాడు, రెండూ ఒకే ధైర్యంతో చెప్తాడు.

సరే, ఫోల్డర్ సంగతికి వద్దాం. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంట్లు వెబ్‌సైట్ నించి ఒక్కో పేజీ కాపీ కొట్టొద్దు, సోర్స్ కోడ్ ఉండే రెపోలోనే డాక్ అనే ఫోల్డర్ లోపల అన్నీ టెక్స్ట్‌గా ఉంటాయి, గిట్ అనే టూల్‌తో ఆ రెపోని క్లోన్, అంటే మొత్తం కాపీ, చేసుకుంటే చాలు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది, రెపోలో ఒక్కో వెర్షన్‌కి ఒక్కో శాఖ, అంటే బ్రాంచ్, ఉంటుంది, దాంట్లో ఆ వెర్షన్ రిలీజ్ నోట్స్ (ఏం మారిందో చెప్పే కాగితం) మాత్రమే ఉంటాయి. 17 బ్రాంచ్ తీసుకుంటే 17లో వచ్చిన మార్పులు మాత్రమే దొరుకుతాయి, నువ్వు 11 నించి దూకతా ఉన్నావు, కాబట్టి 12, 13, 14, 15, 16, 17 ఆరు బ్రాంచ్‌ల నించీ ఆరు ఫైళ్ళు తీయాల, 18 కూడా ఆలోచనలో ఉంటే ఏడు. చాలామంది 17 నోట్స్ ఒక్కటి పెట్టి "ఏం విరుగుతుంది" అని అడుగుతారు, అసిస్టెంట్ నిజాయితీగా దాంట్లో ఉన్నదే చెప్తుంది, నీకు నిజంగా తగిలేవి 12లో, 14లో, 15లో ఉంటాయి, అవి దాని కంటికే పడవు. ప్రతి ఫైల్లో "మైగ్రేషన్" అని ఒక విభాగం ఉంటుంది, పాతదానితో సరిపడని మార్పులన్నీ అక్కడే పెడతారు, నీ రిపోర్ట్‌కి అదే గుండెకాయ.

ఇంకో మాట, ఆ సోర్స్ ఫైళ్ళలో ప్రతి మార్పు పక్కన కామెంట్‌గా తేదీ, రచయిత పేరు, కమిట్ నెంబరు (కోడ్‌లో చేసిన ఒక్కో మార్పుకి గిట్ ఇచ్చే గుర్తు) రాసి ఉంటాయి, వెబ్‌సైట్‌లో ఆ కామెంట్లు కనపడవు. ట్యాగులు తీసేసి శుభ్రం చేసే స్క్రిప్టు రాసేటప్పుడు ఆ కామెంట్లను పారెయ్యొద్దు, ఏదైనా మార్పు ఎందుకు చేసినారో అనుమానం వస్తే ఆ నెంబరుతో గిట్ షో కొడితే కమిట్ మెసేజ్‌లో కారణం మొత్తం వివరంగా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్ళు కమిట్ మెసేజ్‌లు చాలా శ్రద్ధగా రాస్తారు, అవి చదవడమే ఒక చదువు, అసిస్టెంట్‌కి కూడా వాటిని చూపించు.

ఇంగ నీవైపు కాగితాలు. మీ డేటాబేస్ స్కీమా, అంటే టేబుళ్ళ నిర్మాణం మాత్రం డంప్ తీయి, అంటే ఫైల్‌గా బయటికి రాయించు, డేటా వద్దు. సర్వర్ సెట్టింగుల్లో డీఫాల్ట్ కానివి, ఎక్స్‌టెన్షన్ల (పోస్ట్‌గ్రెస్‌కి అదనంగా తగిలించినవి) లిస్టు వెర్షన్లతో సహా, అప్లికేషన్‌ని డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ పేరూ వెర్షనూ, బ్యాకప్ స్క్రిప్టులు, రెప్లికా (ఇంకో మెషీన్‌లో నడిచే నకలు డేటాబేస్) ఉంటే దాని సెట్టింగులు. ఇవి లేకపోతే జవాబులు ఎవరికైనా సరిపోయే జవాబులే వస్తాయి, నీకు సరిపోయేవి రావు. స్కీమా ఎందుకంత ముఖ్యమంటే 17లో ఒక మార్పు ఉంది, అనలైజ్, రీఇండెక్స్ మాదిరి మెయింటెనెన్స్ పనులు నడిచేటప్పుడు సెర్చ్ పాత్‌ని (పేరు చెప్తే ఏయే స్కీమాల్లో వెతకాలో చెప్పే లిస్టు, ఇక్కడ స్కీమా అంటే డేటాబేస్ లోపల టేబుళ్ళ గుంపు) సురక్షితమైన దానికి మార్చేస్తారు, మీ ఫంక్షన్ ఇండెక్స్‌లో వాడిన ఫంక్షన్ వేరే స్కీమాలో టేబుల్‌ని స్కీమా పేరు లేకుండా పిలుస్తా ఉంటే అది ఫెయిల్ అవుతుంది. ఇది నీకు వర్తిస్తుందా లేదా అనేది స్కీమా చూస్తేనే తెలుస్తుంది.

ఇవన్నీ వెతికించే పద్ధతి గురించి. ఆన్‌లైన్‌లో ఎవర్ని అడిగినా ర్యాగ్ పెట్టు, వెక్టర్ డేటాబేస్ పెట్టు అంటారు, అంటే ప్రశ్నకి సంబంధించిన ముక్కల్ని ముందు వెతికి తీసి మోడల్‌కి ఇచ్చే పద్ధతి. ఆ పద్ధతి మంచిదే, 2020లో ఫేస్‌బుక్ ఏఐ వాళ్ళ పేపర్‌తో ఆ పేరు స్థిరపడింది, వేల పేజీలుంటే అవసరం కూడా. కానీ నీకున్నది ఆరేడు రిలీజ్ నోట్స్, ఒక మాన్యువల్, ఒక స్కీమా, అంతే గదా, దీనికి ఫైళ్ళలో మాటని ఉన్నదున్నట్టు వెతికే గ్రెప్ చాలు. ఫైళ్ళలో తనే వెతుక్కుని, తెరిచి, చదివి జవాబు చెప్పే కమాండ్ లైన్ అసిస్టెంట్లు ఇప్పుడు ఉన్నాయి, వాటికి ఫోల్డర్ చూపించి, గ్రెప్ లాంటిదే అయిన రిప్‌గ్రెప్ ఇన్‌స్టాల్ చేసి పెడితే సరిపోతుంది. ర్యాగ్‌లో టెక్స్ట్ అర్థాన్ని అంకెలుగా మార్చి పోల్చే ఎంబెడింగులతో ఒక చిక్కుంది, అవి అర్థం దగ్గరగా ఉన్నవాటిని పట్టుకుంటాయి, "పోస్ట్‌గ్రెస్ 14లో పాస్‌వర్డ్ మార్పు" "పోస్ట్‌గ్రెస్ 10లో పాస్‌వర్డ్ మార్పు" రెండూ వాటికి దాదాపు ఒకటే, నీకు మాత్రం ఆ 14కీ 10కీ మధ్య తేడానే ప్రాణం. సెట్టింగ్ పేర్లు, ఫంక్షన్ పేర్లు, ఎర్రర్ కోడ్లు ఉన్నదున్నట్టు వెతకాల.

రేపు డాక్యుమెంట్లు పెరిగి ర్యాగ్ పెట్టాల్సి వస్తే రెండూ కలుపు, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉండే ఎఫ్‌టీఎస్5తో పదాల వెతుకులాట ఒకటి, ఎంబెడింగ్ ఒకటి. ఎఫ్‌టీఎస్5లో మామూలుగా వచ్చే టోకెనైజర్ (టెక్స్ట్‌ని మాటలుగా విడగొట్టేది) అండర్‌స్కోర్ దగ్గర మాటని రెండుగా విరగ్గొడుతుంది, సెట్టింగ్ పేర్లన్నీ అండర్‌స్కోర్‌తోనే ఉంటాయి కాబట్టి టోకెన్‌చార్స్ అనే ఆప్షన్‌లో అండర్‌స్కోర్ చేర్చుకోవాల. ముక్కలు కొట్టేటప్పుడు ఐదొందల అక్షరాలకి ఒక ముక్క అని గుడ్డిగా కొట్టొద్దు, హెడింగ్ ప్రకారం కొట్టి ప్రతి ముక్క నెత్తిన "పోస్ట్‌గ్రెస్ 15, రిలీజ్ నోట్స్, మైగ్రేషన్ విభాగం" అని ఒక లైను అతికించు, ముక్క ఒంటరిగా దొరికినా అది యాడిదో తెలియాల.

ఇప్పుడు నీ ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ కార్డు లేకుండా మోడల్ నడిపితే వేగాన్ని నిర్ణయించేది ప్రాసెసర్ కంటే జాస్తిగా ర్యామ్ వేగమే, ఎందుకంటే ఒక్కో టోకెన్ (మాట లేదా మాటలో ముక్క) పుట్టడానికి మోడల్ మొత్తం బరువుల్ని, అంటే అది నేర్చుకున్న అంకెల్ని, ర్యామ్ నించి ఒకసారి చదవాల. 800 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకి కుదిస్తే ఇంచుమించు 5 జీబీ అవుతుంది, డీడీఆర్4 3200 ర్యామ్ రెండు స్టిక్కులు ఉంటే సెకనుకి కాగితం మీద 51 జీబీ, అంటే ఎంత బాగా నడిచినా సెకనుకి పది టోకెన్లు దాటదు, ఒకే స్టిక్ ఉంటే అందులో సగం. ఒకే స్టిక్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి, నీది వెనక్కి తిప్పి చూసుకో, స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో స్టిక్ వేయించడం కంటే మంచి ఖర్చు లేదు. ఎండాకాలంలో మన తిరుపతి వేడికి మధ్యాహ్నం పూట ప్రాసెసర్ కాసేపటికే వేగం తగ్గించుకుంటుంది, పెద్ద పనులు తెల్లవారుజామునో రాత్రో పెట్టుకో.

మోడల్‌ని సొంత మెషీన్‌లో నడిపే ఒలామా వాడతా ఉన్నా అన్నావు, దాంట్లో ఒక సెట్టింగ్ నువ్వు ముట్టుకోలేదనే నా అనుమానం. కాంటెక్స్ట్ పొడవు, అంటే మోడల్ ఒకేసారి చూడగలిగే టెక్స్ట్ ఎంత అనేది, ఉంటుంది, చాలాకాలం డీఫాల్ట్‌గా 2048 టోకెన్లే ఉండింది, తర్వాత పెంచినారు కానీ ఇట్లాంటి పనికి చాలదు. నువ్వు ఇచ్చిన టెక్స్ట్ దానికంటే పెద్దదైతే ఎర్రర్ రాదు, గట్టిగా చెప్పకుండానే కొంత భాగం కోసేసి మిగిలినదానికి జవాబు చెప్తుంది. "డాక్యుమెంట్ మొత్తం ఇచ్చినా సరే తప్పు చెప్తా ఉంది" అని రాసినావు చూడు, అది మొత్తం చదవనే లేదేమో ముందు అది చూడాల. డాక్యుమెంట్ మొదట్లో ఒక కొత్త మాట, మధ్యలో ఒకటి, చివర ఒకటి నువ్వే చేర్చి "ఆ మూడు మాటలూ ఏంది" అని అడుగు, ఏది చెప్పలేకపోతే ఆ భాగం దానికి చేరలేదని తెలుస్తుంది. కాంటెక్స్ట్ పెంచితే ర్యామ్ తింటుంది, ఎంత తింటుందో లెక్క కట్టొచ్చు, లామా 3.1లో 800 కోట్ల పారామీటర్ల చిన్న మోడల్‌కి ఒక్కో టోకెన్‌కి 128 కేబీ, అంటే 8,192 టోకెన్లకి 1 జీబీ, 32,768కి 4 జీబీ. మోడల్‌కి 5, బ్రౌజర్‌కీ సిస్టమ్‌కీ 4, అంటే నీ 16లో 32 వేల దాకా కష్టం మీద పోతుంది, కానీ ప్రాసెసర్ మీద అంత టెక్స్ట్ చదవడానికే చాలా నిమిషాలు పడుతుంది. పైగా పెద్ద కాంటెక్స్ట్ ఉంది గదా అని అన్నీ కుక్కితే మధ్యలో ఉన్న విషయాలని మోడళ్ళు సరిగా పట్టుకోవని 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఇంకొందరితో కలిసి చేసిన స్టడీలో తేలింది, మొదటిదీ చివరిదీ బాగా పట్టుకుంటాయి. మోడళ్ళు అప్పటికంటే మెరుగైనాయి, అయినా కావాల్సిన నాలుగు పేజీలు ఇచ్చి అడిగినప్పుడు వచ్చే జవాబుకీ నాలుగొందల పేజీలు ఇచ్చి అడిగినప్పుడు వచ్చేదానికీ తేడా ఇప్పటికీ కనపడతా ఉంది.

కాబట్టి నా సలహా, పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంట్లు లోకమంతా చూసేవే, వాటిని చదివించడానికి ల్యాప్‌టాప్‌ని చంపుకోవద్దు, ఆన్‌లైన్‌లో పెద్ద మోడల్‌కి ఒక నెల డబ్బు కట్టి వాడు, ఓనరు ఇస్తాడు, అడుగు. లోకల్ మోడల్‌ని బయటికి పంపకూడని వాటికి వాడు, మీ కోడ్, మీ లాగ్ ఫైళ్ళు. లాడ్జీ బుకింగ్ అంటే యాత్రికుల పేర్లు, ఫోన్ నెంబర్లు, ఆధార్ కాపీలు ఉంటాయి, అందులో ఒక్క వరుస కూడా చాట్‌లో పేస్ట్ చేయొద్దు, 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం వచ్చింది, చట్టం లేకపోయినా అది మనల్ని నమ్మి ఇచ్చిన డేటా. లాగ్‌లో పేర్లు, నెంబర్లు తీసేసే చిన్న స్క్రిప్టు ముందే రాసిపెట్టుకో, అర్జెంటుగా ఉన్నప్పుడు చేతితో తీస్తే ఒకటో రెండో మిగులుతాయి.

ఇంగ అసిస్టెంట్‌కి ఇచ్చే ఆదేశం. "నువ్వు ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న డేటాబేస్ ఎక్స్‌పర్ట్‌వి" అని మొదలుపెట్టేవి చూస్తా ఉంటాను, దానివల్ల గొంతు మారుతుంది, తెలివి మారదు. నేను పెట్టేది ఇట్ల ఉంటుంది: "ఈ ఫోల్డర్‌లో ఉన్నదాని మీదనే జవాబు చెప్పు. ప్రతి విషయానికీ ఫైల్ పేరు, లైన్ నెంబరు, ఆ లైన్‌ని అక్షరం మార్చకుండా రాయి. ఏ వెర్షన్ నించి వర్తిస్తుందో రాయి. కొత్తగా సృష్టించిన డేటాబేస్‌కా, అప్‌గ్రేడ్ అయిన పాతదానికి కూడానా అనేది విడిగా రాయి. ఫోల్డర్‌లో లేకపోతే లేదు అని చెప్పి ఆగు. నీకు ముందే తెలిసినది ఏదైనా చేరిస్తే దాని ముందు 'ఫోల్డర్‌లో లేదు' అని గుర్తు పెట్టు." ఇది ఇంగ్లీషులోనే రాసిపెట్టు, ఎందుకంటే డాక్యుమెంట్లు ఇంగ్లీషు, తెలుగు అక్షరాలు ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి టోకెన్లు కూడా జాస్తి అవుతాయి, చిన్న మోడళ్ళు తెలుగులో తడబడతాయి. అర్థం కాని చోట మాత్రం వివరణ తెలుగులో అడుగు, పెద్ద మోడళ్ళు బాగానే చెప్తాయి.

కొత్త డేటాబేస్‌కా పాతదానికా అనే లైను ఎందుకు పెట్టినానో చెప్తా. 15 నించి ప్రతి డేటాబేస్‌లో మామూలుగా ఉండే పబ్లిక్ అనే స్కీమాలో అందరికీ టేబుల్ సృష్టించే హక్కు తీసేసినారు, దీన్ని చూసి అసిస్టెంట్లు "15కి పోతే మీ అప్లికేషన్ పర్మిషన్ ఎర్రర్‌తో ఆగిపోతుంది" అని చెప్పేస్తాయి. నోట్స్‌లో అదే పేరాలో ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి, అది కొత్త క్లస్టర్లకీ (కొత్తగా పెట్టిన పోస్ట్‌గ్రెస్ సర్వర్లకి), కొత్తగా సృష్టించిన డేటాబేస్‌లకీ వర్తిస్తుంది, అప్‌గ్రేడ్ చేసినా డంప్ నించి తిరిగి పెట్టినా పాత హక్కులే ఉంటాయి అని. అంటే మీ ఇప్పటి లాడ్జీల డేటాబేస్ బాగానే నడుస్తుంది, రేపు కొత్త లాడ్జీకి కొత్త డేటాబేస్ సృష్టించినప్పుడు తగులుతుంది. రిపోర్ట్‌లో ఈ రెండూ వేరువేరుగా రాయకపోతే ఓనరు అనవసరంగా భయపడతాడు, అప్‌గ్రేడ్ అయిన నెలకి నువ్వు భయపడతావు.

ఆ యథాతథంగా రాయమన్న లైన్లని నువ్వు కూర్చుని కంటితో చెక్ చేయబాకు, పైథాన్‌లో ఇరవై లైన్ల స్క్రిప్టు రాయి, జవాబులో కోట్ చేసిన ప్రతి వాక్యం ఆ ఫైల్లో నిజంగా ఉందా లేదా అని వెతికి, లేనివాటిని ఎర్రగా చూపించాల. ఫైల్లో లేని వాక్యాన్ని కోట్ చేసినట్టు రాయడం మోడళ్ళకి ఉన్న జబ్బు, ఈ చిన్న స్క్రిప్టు దాన్ని అప్పటికప్పుడు పట్టిస్తుంది. నాకు తెలిసి ఈ మొత్తం సెటప్‌లో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, మోడల్ మార్చడం కంటే ముందు ఇది చెయ్యి. కోట్ నిజమే అయినా అర్థం తిప్పి చెప్పే ప్రమాదం ఉంటుంది, దానికి మాత్రం మనిషే చదవాల, పైన పబ్లిక్ స్కీమా విషయంలో జరిగేది అదే గదా.

మోడల్ ఎంచుకునేది ఎట్ల అంటే, నీకు జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు ఒక ఇరవై రాసిపెట్టుకో. "రికవరీ డాట్ కాన్ఫ్ ఫైల్ ఏ వెర్షన్‌లో పోయింది" అంటే 12 అని రావాల, "బ్యాకప్ మొదలుపెట్టే ఫంక్షన్ పేరు ఎప్పుడు మారింది" అంటే 15 అని, "పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ డీఫాల్ట్ స్క్రామ్‌కి ఎప్పుడు మారింది" అంటే 14 అని (స్క్రామ్ అంటే పాత ఎండీ5 కంటే గట్టిగా పాస్‌వర్డ్ దాచే పద్ధతి). వాటిల్లో నాలుగైదు లేని విషయాలు కలుపు, నువ్వే కల్పించిన సెట్టింగ్ పేరు పెట్టి "ఇది ఏ వెర్షన్‌లో తీసేసినారు" అని అడుగు, "అలాంటిది దొరకలేదు" అని చెప్పే మోడల్‌ని ఉంచుకో, వివరంగా కథ చెప్పే మోడల్‌ని తీసెయ్. ఎవరో పెట్టిన ర్యాంకుల పట్టిక కంటే నీ ఇరవై ప్రశ్నలు నీ పనికి నమ్మకమైనవి, కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు మళ్ళీ వేసి చూసుకోవచ్చు.

అడిగే తీరు కూడా చూసుకో. "17కి పోవడం మంచిదే గదా" అని అడిగితే అవును అంటుంది, "17కి పోవడం రిస్క్ గదా" అని అడిగినా అవును అంటుంది, మన మాటకి తలూపే గుణం వాటిలో గట్టిగా ఉంది. "12 నుంచి 17 దాకా మైగ్రేషన్ విభాగాల్లో ఉన్న ప్రతి అంశం తీసుకుని మా స్కీమాకీ సెట్టింగులకీ తగులుతుందా, తగలదా, చెప్పలేమా అని ఒక్కోటి రాయి" అని అడుగు. ఒక్కో వెర్షన్‌కి ఒక్కో కొత్త చాట్ తెరువు, ఒకే చాట్‌లో గంటలు గంటలు లాగితే మొదట్లో అన్న తప్పుమాటే తర్వాత దానికి ఆధారం అయిపోతుంది.

ఇప్పుడు అసిస్టెంట్లు చాలాసార్లు తమంతట తాము చెప్పని విషయం ఒకటి చెప్తా, నీ విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం అదే. సెంటోస్ 7 సపోర్ట్ 2024 జూన్ 30తో ముగిసింది, కాబట్టి నువ్వు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుస్తావు. సెంటోస్ 7లో జీలిబ్‌సీ (లినక్స్‌లో అన్ని ప్రోగ్రాములూ వాడే మూల లైబ్రరీ) 2.17, దాని బదులు వాడే ఇప్పటి రాకీ, ఆల్మా లినక్స్ లాంటివాటిలో 2.28 లేదా ఆ పైది, 2018లో వచ్చిన ఆ 2.28లో అక్షరాల వరస క్రమం మార్చేసినారు. పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ ఇండెక్సులు ఆ క్రమం మీదనే కట్టి ఉంటాయి. డేటా ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కొత్త మెషీన్‌కి కాపీ చేసినా, పాత మెషీన్ నించి కొత్తదానికి స్ట్రీమింగ్ రెప్లికా పెట్టి మారినా, ఇండెక్స్ పాత క్రమంలో ఉంటుంది, వెతికే కోడ్ కొత్త క్రమంలో వెతుకుతుంది, ఉన్న పేరు లేదంటుంది, యూనిక్ అన్న చోట డూప్లికేట్ ఒప్పుకుంటుంది, ఎర్రర్ ఏమీ రాదు. ఒకే బుకింగ్ నెంబరు ఇద్దరికి పోతే కౌంటర్ దగ్గర ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లే. డంప్ తీసి కొత్తదాంట్లో పెడితే ఇండెక్సులు కొత్తగా కడుతుంది కాబట్టి ఈ బాధ లేదు, ఫైళ్ళు కాపీ చేస్తే మాత్రం టెక్స్ట్ ఇండెక్సులు అన్నీ రీఇండెక్స్ చేయాల. ఇది వెర్షన్ మార్పు కాదు కాబట్టి ఆ రిలీజ్ నోట్స్‌లో వెతికితే తగలదు, పోస్ట్‌గ్రెస్ వికీలో లొకేల్ డేటా (భాషని బట్టి ఉండే అక్షర క్రమం) మార్పుల మీద పేజీ ఉంది, దాన్ని ఫోల్డర్‌లో చేర్చు. అందుకే నేను రీసెర్చ్ మొదలుపెట్టే ముందు "ఈ పనిలో డేటాబేస్‌తో పాటు ఇంకా ఏమేమి మారతా ఉన్నాయి" అని ఒక కాగితం మీద రాసుకుంటా, ఆపరేటింగ్ సిస్టమ్, డ్రైవర్, బ్యాకప్ టూల్, ఎక్స్‌టెన్షన్లు, ఒక్కోదానికీ దాని సొంత కాగితాలు తెచ్చి పెడతా.

డ్రైవర్ అన్నాను కదా, మీది జావా అప్లికేషన్ అయితే అది డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ డ్రైవర్ 42.2.0 కంటే పాతదా చూడు, స్క్రామ్ పాస్‌వర్డ్‌లు దానికంటే పాతవాటికి తెలియవు. పాత ఎండీ5 పాస్‌వర్డ్‌లు అప్‌గ్రేడ్ తర్వాత కూడా పనిచేస్తాయి, ఎవరో ఒకరు పాస్‌వర్డ్ మార్చిన రోజున స్క్రామ్‌గా మారి అప్లికేషన్ లోపలికి పోలేక ఆగిపోతుంది, అప్పటికి అప్‌గ్రేడ్ సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు.

అసిస్టెంట్ చెప్పింది చదివి నమ్మే దశ దాటినాక నడిపి చూసే దశ. ఒకే మెషీన్‌లో సాఫ్ట్‌వేర్లని విడివిడిగా నడిపే డాకర్‌లో 11 ఒకటి, 17 ఒకటి పక్కపక్కన లేపి, పేర్లు నెంబర్లు మార్చేసిన డేటాతో రెండింట్లోనూ మీ బరువైన క్వెరీలు, క్వెరీ ఏ దారిలో ఎంతసేపు నడిచిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో నడుపు, సీటీఈలు వాడిన రిపోర్టులు ముందు చూడు. ఆ రెండు ప్లాన్లనీ అసిస్టెంట్‌కి ఇచ్చి తేడా ఎందుకు వచ్చిందో అడిగితే అప్పుడు అది నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే ముందర గట్టి ఆధారం ఉంది. పీజీ అప్‌గ్రేడ్ టూల్ 11 నించి 17కి నేరుగా పోతుంది, మధ్యలో ఆగక్కర్లే, కానీ 17 వరకు స్టాటిస్టిక్స్ (ప్లానర్ వాడుకునే డేటా లెక్కలు) వెంట రావు, అయిపోయినాక అనలైజ్ కొట్టకపోతే అన్ని క్వెరీలూ నత్తనడక నడుస్తాయి, 18 నించి చాలా వరకు వెంట వస్తాయి.

అసిస్టెంట్‌కి సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వబాకు, టెస్ట్ కాపీ మీద చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్‌ని ఇవ్వు. వెబ్ పేజీలు తెరిచే అసిస్టెంట్ అయితే ఇంకా జాగ్రత్త, పేజీలో ఎవరో దాచిపెట్టిన ఆదేశాన్ని నీ ఆదేశం అనుకుని పాటించే ప్రమాదం ఉంది, ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు, దీనికి ఇప్పటిదాకా పూర్తి మందు లేదు. మీ రహస్యాలు చూడగలగడం, బయటి పేజీలు చదవడం, బయటికి పంపగలగడం, ఈ మూడూ ఒకే అసిస్టెంట్‌కి ఒకేసారి ఇవ్వకుండా ఉంటే చాలా వరకు బయటపడతావు. అది చెప్పిన లైబ్రరీ పేరుని నేరుగా ఇన్‌స్టాల్ కూడా చేయొద్దు, 2025లో వచ్చిన ఒక స్టడీలో 16 మోడళ్ళతో 5,76,000 కోడ్ ముక్కలు రాయిస్తే వాటిలో చెప్పిన ప్యాకేజీల్లో ఇంచుమించు 20 శాతం అసలు లేనివే, అట్లాంటి పేరు మీద ఎవరైనా వైరస్ పెట్టి కాచుకుని ఉండొచ్చు.

రిపోర్ట్ రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టు: చదివినది, నడిపి చూసినది, ఇంకా చూడాల్సినది. మొదటిదానికి ఫైల్, లైన్ నెంబరు, రెండోదానికి నడిపిన కమాండ్, తేదీ. మూడో రకం ఎన్ని మిగిలినాయో ఓనరుకి మొదటి పేజీలోనే కనపడాల. 11కి ఆఖరి అప్‌డేట్ 2023 నవంబర్‌లో వచ్చింది, ఆ తర్వాత సెక్యూరిటీ రిపేర్లు లేవు, కాబట్టి ఎప్పటికో వాయిదా వేయొద్దని కూడా గట్టిగా రాయి. 17కి 2029 నవంబర్ దాకా, 18కి 2030 నవంబర్ దాకా సపోర్ట్ ఉంది.

తేదీ పెట్టుకునేటప్పుడు మాత్రం బ్రహ్మోత్సవాలు, పెరటాసి శనివారాలు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవులు, వీటికి ముందు కనీసం నెల రోజులు సర్వర్ ముట్టుకోకుండా ప్లాన్ వెయ్యి. మీ ఎక్స్‌టెన్షన్ల లిస్టు, డ్రైవర్ వెర్షను, రెప్లికా ఉందా లేదా ఈ మూడూ రాసి పెట్టు, 17, 18ల్లో మీకు ఏది సరిపోతుందో, డంప్ పద్ధతా పీజీ అప్‌గ్రేడా అనేది అవి చూసి చెప్తా.